గడ్డ మీద వేసిన నింద

నాకు ముక్కు మీద కోపం. ఈ సంగతి బాగేపల్లి బడిలో నా దగ్గర చదివిన పిల్లలందరికీ తెలుసు. మా వీధిలో కూరగాయలమ్మే ఆమెకు తెలుసు. మా ఆయనకైతే పెళ్ళయిన మూడోరోజే తెలిసింది. అలాంటి నా కోపానికి కారణం దొరికిందని ఇల్లంతా సంబరపడిన రోజులు కొన్ని ఉన్నాయి.

రెండు వేల ఐదో, ఆరో అయ్యుండాలి. నడుము నొప్పి వస్తే కిడ్నీలో రాయేమోనని చిక్కబళ్ళాపురంలో స్కానింగ్ తీశారు. రాయి లేదు. కానీ కిడ్నీ నెత్తిన టోపీలా కూర్చునే అడ్రినల్ గ్రంథిలో చిన్న గడ్డ కనబడింది. బెంగళూరులో పెద్ద స్కాన్ తీసినా అదే మాట.

చిక్కబళ్ళాపురం డాక్టరు నిదానస్తుడు. "భయపడొద్దమ్మా. ఇట్లాంటివి శానామందికి ఉంటాయి, వేరేదేదో వెతుకుతాంటే కనబడతాయి. అయితే కొన్ని గడ్డలు హార్మోన్లు ఎక్కువ వదుల్తాయి. బీపీ, గుండె దడ, చిరాకు తెస్తాయి. అట్లాంటిదైతే ఆపరేషన్ చేసి తీసేయాల. పరీక్ష చేసి చూద్దాం" అన్నాడు.

మా ఆయన చెవిన పడింది చిరాకు అన్న ఒక్క మాటే. బయటికి రాగానే, "అయితే ఇరవై ఏండ్లుగా నన్ను తిడతా ఉండేది ఆ గడ్డా! పాపం, నిన్ను అనుకుంటినే" అన్నాడు. ఆ మొహంలో నన్ను క్షమించేసిన వెలుగు ఉంది. నాకు ఒళ్ళు మండింది. తిడితే అదీ గడ్డ లెక్కలో పడుతుందని ఊరుకున్నాను.

పరీక్షంటే ఒక పగలూ రాత్రీ మూత్రమంతా ల్యాబువాళ్ళిచ్చిన క్యానులో పట్టాలి. అది పూర్తయ్యేదాకా కాఫీ తాగకూడదు, అరటిపండు తినకూడదు. మా ఆయన ఆ క్యాను మీద "యారూ ముట్టబేడి", ఎవరూ ముట్టుకోవద్దని, కన్నడంలో పెద్ద అక్షరాలతో కాగితం అంటించాడు. ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. ముట్టేదెవరో ఆయనకే తెలియాలి.

గడ్డ సంగతి విని ఆ రోజే మా చెల్లెలు మిట్టేమరి నుంచి వచ్చింది. అది మా గడప తొక్కి నాలుగేళ్ళయింది. వాళ్ళ గృహప్రవేశంలో మా అమ్మ పంక్తిలో కనబడక వెతికితే, వంటింట్లో ఓ మూల కూర్చుని తింటోంది. చెల్లెలే అమ్మను అక్కడ కూర్చోబెట్టిందనుకున్నాను. అంతే, దాని అత్తింటివాళ్ళందరి ముందూ, "ఇల్లు పెద్దది కట్టినావు గానీ మనసు చిన్నదాయె" అనేసి వచ్చేశాను. మోకాళ్ళ నొప్పికి కుర్చీ కావాలని అమ్మే అడిగి అక్కడ కూర్చుందట. మర్నాడే తెలిసింది. తెలిసినా వెళ్ళి తప్పయిందనడానికి నాకు నోరు రాలేదు.

చెల్లెలు వచ్చీ రాగానే నా చేయి పట్టుకుని ఏడ్చింది. "ఆ పొద్దు అట్లన్నది నువ్వు కాదులే అక్కా. లోపల ఆ పాడుగడ్డ ఉండాది గదా" అంది. నేనేమన్నాను? "ఔనే, నేనెందుకంటాను" అన్నాను! పిరికిదాన్ని. ఆ తర్వాత వంటింట్లో ఇద్దరం ఎంత నవ్వామో! నాలుగేళ్ళ కబుర్లు. నా ఎదురుగానే కూర్చుని లోటా నిండా కాఫీ తాగింది, రాక్షసి. చెల్లెలు తిరిగి దొరికిందన్న ఆనందంలో ఆపరేషన్ భయం కూడా మరిచిపోయాను.

అది వెళ్ళాక మొదలైంది గుబులు. గడ్డ నిర్దోషి అని తేలితే దోషిని నేనేగదా. మా ఆయన రోజూ దేవుడికి దండం పెట్టుకుంటున్నాడు. నేను మాత్రం గడ్డదే తప్పయితే బాగుండునని లోలోపల కోరుకున్నాను. ఆపరేషన్ అయినా ఫరవాలేదు, చెల్లెలు మళ్ళీ దూరం కాకూడదు.

రిపోర్టు చూపించుకోవడానికి చెల్లెలు కూడా మాతో వచ్చింది. డాక్టరు కాగితాలు తిప్పి నవ్వాడు. "ఏం పని చేయని గడ్డమ్మా ఇది. ఊరికే కూర్చోనుండాది. ఏడాదికొకసారి చూసుకుంటే చాలు."

మా ఆయన అక్కడే దండం పెట్టేశాడు. చెల్లెలు నన్ను వాటేసుకుంది. బతికిపోయానన్న సంతోషం నాకూ కలిగింది, అబద్ధమెందుకు. కానీ బస్సెక్కిన దగ్గర నుంచి చెల్లెలి మొహం చూడలేకపోయాను. మా ఆయన ముందు సీట్లో హాయిగా నిద్రపోతున్నాడు. చేసిన పాపం చెబితే పోతుందంటారు. పేరేసంద్ర దాటాక ఇక ఆగలేక చెప్పేశాను.

"గడ్డ ఏం చేయలేదంట, విన్నావు గదా. ఆ పొద్దు అట్లన్నది నేనేనే. తప్పు నాదేనని మర్నాడే తెలిసె. నీ దగ్గరికి రావడానికి పౌరుషం అడ్డమొచ్చె."

చెల్లెలు కిటికీ వైపు నుంచి నా వైపు తిరిగింది. నవ్వుతోంది. కళ్ళు మాత్రం నిండి ఉన్నాయి.

"నాకు తెలీదా అక్కా? గడ్డకు అంత నోరు యాడిది! నువ్వు పిలుస్తావని నాలుగేండ్లు చూస్తిని. నువ్వు పిలవలా. గడ్డ పిలిచె, వస్తిని."