సోడా వేసి కాల్చిన మట్టి

మొన్న బెంజ్ సర్కిల్ దగ్గర విత్తనాల కొట్లో మా కోడలు, బాల్కనీ కుండీలకు చీమలు పడుతున్నాయని ఒక తెల్లపొడి ప్యాకెట్ కొన్నది. ఇంటికొచ్చి బిల్లు నా చేతికిస్తే, ధర చూడవలసిన నా కళ్ళు అలవాటు కొద్దీ సరుకు పేరు పక్కనున్న అంకెల మీదికి పోయాయి. డయటమేషియస్ ఎర్త్, ఇరవై అయిదు పన్నెండు. “ఏంటత్తయ్యా, ఎక్కువేశాడా?” అంది కోడలు. లేదమ్మా అన్నాను గానీ, ఆ పూటంతా నా మనసు వన్‌టౌన్‌లోని ఒక ఇరుకు ఆఫీసులోనే తిరుగుతూ ఉండిపోయింది.

నేను కెమిస్ట్రీతో డిగ్రీ పూర్తిచేసిన రోజుల్లో ఆడపిల్ల ఉద్యోగమంటే టీచరో, బ్యాంకో, మన తరం వాళ్ళకి నేను చెప్పనక్కర్లేదు. పామర్రులో హైస్కూలు మాస్టారైన మా నాన్న మాత్రం నన్ను బెజవాడలో తన చిన్ననాటి స్నేహితుడి దగ్గర పనిలో పెట్టారు. ఇద్దరూ చల్లపల్లిలో ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నవాళ్ళు. ఆయన ముస్లిం, నేను మాత్రం పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ బాబాయ్ గారనే పిలిచేదాన్ని. పిల్లని సాయిబు కొట్టుకి పంపిస్తున్నావా అని మా వీధిలో అన్నవాళ్ళు లేకపోలేదు, నాన్న ఒక నవ్వు నవ్వి ఊరుకునేవారు. నేను మా పిన్ని ఇంట్లో ఉంటూ పనికి వెళ్ళేదాన్ని.

బాబాయ్ గారు నూనె మిల్లులకీ చక్కెర మిల్లులకీ వడపోత పొడి, అంటే ఈ డయటమేషియస్ ఎర్తే, విదేశాల నుంచి తెప్పించి అమ్మేవారు. ఎప్పుడో ఏ సరస్సుల్లోనో బతికిన, కంటికి ఆనని నాచు మొక్కల గాజు పెంకులు అడుగున పేరుకుపోయి మట్టయితే, ఆ మట్టిని తవ్వి, కాల్చి, పొడి చేసి ఓడలో పంపిస్తారు. ఎంత తేలికంటే దోసిట్లోకి తీసుకుంటే ఏమీ లేనట్టే ఉండేది. ఒండ్రుమట్టి బరువు తెలిసిన మా డెల్టా చేతులకి అదొక వింత.

దేశంలోకొచ్చే ప్రతి వస్తువుకీ కస్టమ్స్ వాళ్ళ టారిఫ్ పుస్తకంలో ఒక చోటుంటుంది. ఈ మట్టి చోటు ఇరవై అయిదో అధ్యాయం, రాళ్ళూ మట్టీ ఉప్పూ ఉండే అధ్యాయం; బిల్లు మీద నేను చూసిన అంకెలు అవే. ఉత్తినే కాల్చినా అక్కడే ఉంటుంది. చాకలిసోడాలాంటిది కలిపి కాల్చారా, అది ముప్ఫై ఎనిమిదో అధ్యాయానికి, రసాయనాల పక్కకి వెళ్ళిపోతుంది, సుంకమూ మారుతుంది. ఈ తేడా ఆ రోజుల్లో మాకెవరికీ తెలియదు.

ఎప్పుడూ లేత గులాబీ రంగులో వచ్చే పొడి ఒక ఏడు తెల్లగా, సున్నంలా వచ్చింది. ఇది ఇంకా త్వరగా వడపోస్తుందని విదేశీ కంపెనీవాళ్ళు ముందే చెబితే బాబాయ్ గారు సంతోషించి, వాళ్ళు పంపిన నమూనా మూట ఒకటి గోడౌన్లో పెట్టించి, కస్టమ్స్ కాగితాలు మాత్రం పాత పద్ధతిలో ఇరవై అయిదో అధ్యాయం కిందే వేయించారు. విశాఖ రేవులో సరుకు ఆపేశారు. సోడా వేసి కాల్చిన సంగతి కావాలని దాచారంటూ ఇంగ్లీషులో నోటీసు వచ్చింది.

సుంకం మాట వినగానే మామూలుగానే తలూపిన మనిషి, ‘కావాలని’ అన్న మాటకి నేను తెలుగు చెప్పగానే అత్తరు వాసన వచ్చే రుమాలుతో ముఖం తుడుచుకున్నారు. నాలుగు రోజులకల్లా బజార్లో ఆ మాటే పాకింది. రోజూ టీకి పిలిచే పక్క కొట్టాయన కూడా చూపు తప్పించడం మొదలుపెట్టాడు. “మట్టిని మట్టి అనడం అబద్ధమా, అమ్మాయ్?” అని అడిగారు బాబాయ్ గారు. కాదండీ అన్నాను, నేనూ అలాగే నమ్మాను గనక.

నమ్మాను గానీ లోపల ఏదో తొలిచింది. నమూనా పొడి కాస్త పొట్లం కట్టుకెళ్ళి, పిన్ని వంటింట్లో గ్లాసు నీళ్ళలో కలిపి, తేరిన నీళ్ళలో చిటికెడు పసుపు వేశాను. పసుపులో సున్నం పడితే పారాణి అవుతుందని మనకెవరూ పాఠం చెప్పనక్కర్లేదు కదా, సోడా పడినా అంతే. నీళ్ళు నెమ్మదిగా ఎర్రబడ్డాయి. పాత గులాబీ పొడితో చేస్తే పసుపు పసుపుగానే ఉంది. అదొక్కటే రుజువు కాదని తెలుసు, కానీ నోటీసుతో వచ్చిన రేవు లాబొరేటరీ రిపోర్టు చెప్పిందీ అదే.

మర్నాడు రెండు గ్లాసులూ ఆయన బల్ల మీద పెట్టి మళ్ళీ చేసి చూపించాను. వంగి చూశారు.

“అయితే ఆఫీసరు గారు చెప్పిందే రైటన్నమాట.”

“అవునండీ.”

“మరి నేను దాచానా?”

“మీకు తెలియదు బాబాయ్ గారూ.”

“ఆ సంగతి ఆయనకెలా తెలుస్తుంది తల్లీ?”

రేవులో మా సరుకు విడిపించే క్లియరింగ్ ఏజెంటు, ఏమీ ఒప్పుకోవద్దనీ, రిపోర్టే తప్పంటే కేసు ఏళ్ళ తరబడి సాగుతుందనీ సలహా ఇచ్చాడు. బాబాయ్ గారు విని, విచారణకి విశాఖ వెళ్ళడానికి రైలు టిక్కెట్లు తీయించమని నాకు చెప్పారు. దారిలో తుని దాటేదాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుని, ఉన్నట్టుండి, మీ నాన్న నిన్ను నా దగ్గరికి పంపాడు, రేపు వాడి ముఖం నేనెలా చూడను అన్నారు.

విచారణ గదిలో ఆయన కూర్చోలేదు. ఏజెంటు గొంతు సవరించుకుంటుండగానే చేతులు కట్టుకుని చెప్పేశారు. “ఇది సోడా వేసి కాల్చిందేనండీ. మా అమ్మాయి పసుపు నీళ్ళలో వేసి చూపించింది. ఇన్నేళ్ళూ గులాబీ రంగుది వచ్చేది, ఇప్పుడు తెల్లది వస్తే మంచి సరుకనుకున్నానండీ, అంతకన్నా తెలియదు. మీరు చెప్పిన సుంకం కడతాను. దాచాడు అన్న మాట ఒక్కటీ తీసెయ్యండి.”

ఆఫీసరు గారు కళ్ళజోడు తీసి ఆయన వంక చూశారు. తరవాత నా వైపు తిరిగి, “పసుపేమిటమ్మా?” అన్నారు. రెండు గ్లాసుల సంగతీ చెప్పాను. “ముందు మీరు కూర్చోండి,” అన్నారాయన బాబాయ్ గారితో. ఎన్నేళ్ళుగా ఈ వ్యాపారమో, ఎవరెవరు కొంటారో, పాత పొడి ఎలా ఉండేదో అడుగుతూ, ఒక మనిషిని తెలుసుకుంటున్నట్టు మాట్లాడారు.

ఉత్తర్వు వచ్చింది. సరుకు ముప్ఫై ఎనిమిదో అధ్యాయంలోదే, సుంకం తేడా కట్టాలి. దాచాలన్న ఉద్దేశం మాత్రం కనబడలేదని అందులో రాశారు. ఆ వాక్యాన్ని బాబాయ్ గారు నాచేత మళ్ళీ మళ్ళీ చదివించుకుని, ఆ సాయంత్రమే నన్ను వెంటబెట్టుకుని పామర్రు బస్సెక్కారు. మా వరండా మెట్ల మీదే నిలబడి, “మాస్టారూ, నేను దాచలేదని రాశారండీ,” అన్నారు, చిన్ననాటి స్నేహితుణ్ణి ఏనాడూ లేనిది అండీ అంటూ. నాన్న ఆయన భుజం పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి, అమ్మని అన్నం వడ్డించమన్నారు.

ఇద్దరూ ఇప్పుడు లేరు. నేనూ ఆ కస్టమ్స్ కాగితాల పనిలోనే తలనెరిసి, తెలిసినవాళ్ళు అడిగితే ఇప్పటికీ కాగితాలు చూసిపెడుతుంటాను. ఇప్పుడన్నీ కంప్యూటర్లోనే. సరుకు ఒక రేవులో ఉంటే దాన్ని చూసే ఆఫీసరు వేరే ఏ ఊళ్ళోనో ఉంటారు, ఆయనెవరో మనకి తెలియదు, మనమెవరో ఆయనకి తెలియదు. గుమ్మాల దగ్గర పడిగాపులు లేవు, పని త్వరగా అవుతుంది, మంచిదే. పోయిన నెల ఒక కుర్రవ్యాపారి సరుకు ఇలాగే ఆగితే, నేను వివరణ రాసిపెట్టాను. నాలుగు రోజులకి తెర మీద జవాబు వచ్చింది, అతని పక్షానే. అతను దాన్ని కిందికీ పైకీ జరిపి చూసుకుని, “మేడమ్, నా మాట నమ్మారంటారా?” అని అడిగాడు.

సరుకు విడిచిపెట్టారు నాయనా అన్నాను. అతను అడిగింది అది కాదని నాకు తెలుసు.