ఆరాక చెబుతాను

ఆ వీధిలో ఆ పిల్లని పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ. అందరికీ ఆమె ఎందుకమ్మ. నీళ్లు మరిగితే ఎందుకు, గోడ చెమ్మగిల్లితే ఎందుకు. "ఇన్ని ఎందుకులెందుకే నీకు" అని పిన్ని విసుక్కుంటే, ఆ విసుగు ఎందుకు.

వాళ్లది అద్దకం కొట్టు. వెలిసిపోయిన బట్టలకి అమ్మ మళ్లీ రంగు వేస్తుంది, పిన్ని ఇస్త్రీ చేస్తుంది. తలుపు తీస్తే ముందు ఆవిరి, ఆవిరిలోంచి నీలం మోచేతులు, వాటి వెనక అమ్మ. తీగల మీది బట్టల కింద నడుస్తుంటే నెత్తిన ఒక్కో బొట్టూ ఒక్కో రంగులో రాలుతుంది. ఆ కొట్లో చట్టం ఒక్కటే. రంగు సరిచూడ్డానికి ముంచి తీసిన గుడ్డ పీలికని ఆరకముందు చూసి ఎవరూ బాగుందనకూడదు, బాగాలేదనకూడదు.

"తడి రంగు అబద్ధాలు చెబుతుంది. ఆరాక మాట్లాడు" అంటుంది అమ్మ. మిగతా విషయాల్లో మాత్రం ఆమె నోట్లో నువ్వుగింజ నానదు.

యూనివర్సిటీలో ఎందుకమ్మకి మామూలు సైన్సు డిగ్రీ సీటు ఎలాగూ వచ్చింది. కానీ ఆమె కన్నంతా హానర్స్ మీదే. మామూలు తరగతిలో చేరితే చివరి ఏడాది దాకా ల్యాబులో ఏదీ సొంతంగా చేయనివ్వరు. హానర్స్ వాళ్లకి చేరిన రోజే ఎవరి బల్ల వాళ్లకిస్తారు, ఎవరి ప్రశ్న వాళ్లని వెతుక్కోమంటారు. తనకంటూ ఒక బల్ల. తలుచుకుంటే చాలు, కాలు ఒకచోట నిలవదు. సీట్లేమో పిడికెడు, అవీ ఇంటర్వ్యూ చేసి ఇస్తారు.

ఇంటర్వ్యూ రోజు పొద్దున పిన్ని తెల్ల చొక్కా ఇస్త్రీ చేసి తొడిగింది. "దీనికి మరకంటకుండా ఇంటికి తెచ్చావంటే సీటొచ్చినట్టే."

లోపల ఒక మేడమ్, ఒక ముసలి సారు. నీ కళ్లతో చూసీ నీకు అర్థంకానిది ఒకటి చెప్పమన్నారు.

"మా కొట్లో తడి గుడ్డ మీద నల్లరంగు చుక్క పడితే, అంచుకి పాకేసరికి నలుపుండదు మేడమ్, నీలముంటుంది. ఎందుకో తెలీదు."

మేడమ్ ఒక కాగితం పీలిక, నల్లసిరా పెన్ను, గ్లాసుడు నీళ్లు ముందుకు జరిపింది. "ఇందులో అన్నిటికంటే పైకి ఏ రంగు ఎక్కుతుంది?"

"నీలమే."

కాగితం కింది అంచుకి కాస్త పైన చుక్క పెట్టి, అంచు నీళ్లలో ముంచింది. నీళ్లు మెల్లగా పైకి పాకాయి. వాటి వెంట నలుపు జడ విప్పుకున్నట్టు పాయలుగా విడిపోయింది. ఊదా, దాని మీద నీలం. కాగితాన్ని బయటికి తీసింది.

"నువ్వన్నదే అయిందిగా," అన్నాడు సారు. "పైన నీలం."

ఔనంటే సరిపోయేది. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. "ఇంకా తడిగా ఉంది సార్. ఆరాక చెబుతాను."

"కనిపిస్తూనే ఉంది కదమ్మా."

"ఆరనివ్వండి సార్."

పీలికని అందుకుని ఊపుతూ, ఊదుతూ నిలబడింది. వేరే ప్రశ్నలడగాల్సిన సమయమంతా ఆ ఊదడంలోనే అయిపోయింది. సారు గడియారం చూశాడు. మేడమ్ వెళ్లమంది.

పీలికతోనే వరండాలోకి వచ్చింది. నోటిదాకా వచ్చిన సీటుని ఉఫ్‌మని ఊదేసుకున్నానే అనుకుంది. అయినా చెయ్యి పీలికని ఎండలోకి పట్టుకునే ఉంది. కాగితం పొడిబారింది. నీలానికి పైన, వెంట్రుకంత సన్నగా, పసుపు.

తలుపు తోసుకుని లోపలికి దూరింది. కుర్చీలో ఉన్న అబ్బాయి జవాబు మధ్యలో నోరు తెరిచినట్టే ఉండిపోయాడు.

"మేడమ్, నేను చెప్పింది తప్పు. నీలం పైన పసుపుంది. తడిలో కనపడలేదు."

"తప్పయితే ఇంత సంబరమేమిటమ్మా?" అన్నాడు సారు.

"నలుపులో పసుపుంది సార్. అదెందుకు దాక్కుంది?"

మేడమ్ పీలిక తీసుకుని వెలుతురులో పెట్టి చూసింది. నవ్విందో లేదో తెలియలేదు. "సాయంత్రం ఫోన్ చేస్తాం. ముందు ఆ అబ్బాయిని మాట్లాడనీ."

కొట్టుకి రాగానే పిన్ని చొక్కాని ముందూ వెనకా తిప్పి చూసింది. "మరక లేదు. ఇంకేం, వచ్చినట్టే." అమ్మ నీలం తొట్టిలోంచి తల ఎత్తకుండా "ఆరనీ" అంది.

పొద్దు వాలుతుండగా ఫోన్ మోగింది. ఎందుకమ్మ ఊఁ కొడుతూ విన్నది. ఊఁ ఊఁకీ గొంతు చిన్నదైపోయింది. ఫోన్ పెట్టేసింది.

"ఏమన్నారే?"

"కిటికీ పక్క బల్ల ఇస్తారట. వచ్చేటప్పుడు మన నల్లరంగు పొట్లం తెచ్చుకోమన్నారు."

"అంటే వచ్చినట్టేనా?" అంది అమ్మ.

"తొందరెందుకక్కా, ఆరాక మాట్లాడు" అంది పిన్ని.

"ఆరేదేంటే, నీ మొహం." అమ్మ తొట్టిలోంచి చేతులు తీసి, తీసినవి తీసినట్టే కూతుర్ని వాటేసుకుంది. వదిలిన మరుక్షణం వీధిలో ఉంది. ఎదురు షాపు మంగలికి, సైకిలు మీద పోయేవాడికి, ముక్కూమొహం తెలియని ఎవరికో చెబుతున్న గొంతు లోపలిదాకా వినిపిస్తోంది.

పిన్ని చొక్కా వీపు చూసి నెత్తి కొట్టుకుంది. రెండు నీలం అరచేతులు, వేళ్లతో సహా.

ఎందుకమ్మ చొక్కా మార్చుకుని దాన్ని తీగ మీద ఆరేసింది. కింద పీట వేసుకుని, ఆ చేతుల అంచున ఏ రంగు తేలుతుందో చూడ్డానికి కూర్చుంది.