గొడుగు పట్టే మనిషి

అమెరికాలోని ఇర్వింగ్‌లో మా అపార్ట్‌మెంట్స్ తెలుగువాళ్లం నెలకో పుస్తకం చదివి లైబ్రరీలో కలుస్తాం. ఈ నెల పాత ఐరిష్ నవల. పల్లెటూళ్లో పెద్ద భవంతి, చితికిపోయిన జమీందారు కుటుంబం. పైకప్పు కారుతున్నా దొరగారు కోటు తొడుక్కుని, నౌకరు చేత నెత్తిన గొడుగు పట్టించుకుని మరీ భోంచేస్తుంటారు. నేనైతే పడీపడీ నవ్వాను.

ఇక్కడే పుట్టి పెరిగిన శ్రుతికి ఒకటే సందేహం. “అంకుల్, ఆయనే లాడర్ ఎక్కి రూఫ్ ఫిక్స్ చేయొచ్చు కదా?”

మా పక్క ఫ్లాట్ అంకుల్‌ది ఒకప్పటి జమీందారీ వంశం. ఆయన ముఖం ఎర్రబడింది. “దొర నిచ్చెనెక్కితే ఇంక మర్యాదేముంటుందమ్మా? గొడుగు పట్టడానికి మనిషున్నాడుగా!”

ఆయన్ని కారులో ఇంటికి తీసుకెళ్లేది నేనే. పార్కింగ్‌లోకి రాగానే ఆయన చేతులు వెనక్కి కట్టుకుని వెనక డోర్ ముందు నిలబడ్డారు. ఆర్నెల్లుగా ఆ డోర్ నేనే తెరుస్తున్నానని నాకు ఇవాళే వెలిగింది. ఈసారి తెరిచేది లేదని పంతం పట్టి, స్టీరింగ్ ముందు కూర్చున్నాను. చినుకులు మొదలయ్యాయి. ఆయన కదల్లేదు.

అద్దం దించి, “అంకుల్, డోర్ అన్‌లాక్ చేశాను,” అన్నాను.

“తెలుసమ్మా,” అన్నారాయన, ఆకాశం వంక చూస్తూ.

వాన పెద్దదైంది. దిగి డోర్ తెరిచాను. తడుస్తారేమోనని గొడుగు కూడా పట్టాను.

ఇంటికొచ్చి పుస్తకమంతా వెతికాను. ఆ గొడుగు పట్టినవాడికి రచయిత పేరే పెట్టలేదు. మీ కార్లలోనూ ఇలాంటి వెనక సీటు దొరలుంటే కామెంట్ పెట్టండి. మనమంతా కలిసి ఓ సంఘం పెట్టుకుందాం, కనీసం దానికైనా ఓ పేరుంటుంది.