జవాబు చెప్పని నూర్జహానక్క

ఎండిన వేరుశనగ బస్తా మూతి విప్పగానే మట్టి, నూనె కలిసిన కమ్మటి వాసన వస్తుంది. ఇవాళ పొద్దున ధరూర్ దగ్గరి మా ఊరి విత్తన గదిలో ఆ వాసన తగలగానే నూర్జహానక్క గుర్తొచ్చింది. ఆమెను చూడనివాళ్ల కోసం చెబుతున్నాను. గద్వాలలో ఒక సేవాసంస్థకు చిన్న ఆఫీసు ఉండేది. దాన్ని నడిపిన మనిషి ఆమె. పుట్టింది వనపర్తిలో, కిరాణా కొట్టువాళ్ల ఇంట్లో. మాటలకు కొదవ లేదు. నవ్వించేది, దెప్పేది, బస్సు కండక్టర్‌తో కూడా ముచ్చట పెట్టేది. మాకు జవాబు కావలసిన చోట మాత్రం నోరు కట్టేసుకునేది.

ఆ ఆఫీసులో ఒక వింత పద్ధతి ఉండేది. ఏ ఊరి సంగతి వస్తే ఆ ఊరి మనిషే ఆమె కుర్చీలో కూర్చోవాలి. ఆమె వచ్చి మా చాప మీద కూర్చునేది. మా వంతు వచ్చినప్పుడు నేను కుర్చీ అంచు మీద ఒదిగి కూర్చుని, కొన్న విత్తనం మొలవక ఏటా మునుగుతున్నామని, సొంత విత్తనం దాచుకోవడానికి గది కావాలని చెప్పాను. గదికి ఒప్పుకుంది. అంతలో నాతో వచ్చిన మా ఊరి బాలమణి అసలు సంగతి అడిగింది.

"తాళంచెవి ఎవ్వరి తాన ఉండాలె అక్కా? మా ఊర్ల రెండు వాడలకు పడదు."

"నాకేం తెల్వదు. ఊరు మీది," అని నూర్జహానక్క చాయ్ తాగుతూ కూర్చుంది.

నాకు ఒళ్లు మండింది. దారి పొడుగునా ఆటోలో ఆమెను తిడుతూనే ఉన్నాను. ఊళ్లో ఆడవాళ్లమంతా కూర్చుని కొట్లాడుకున్నంత పనిచేసి, చివరికి తలుపుకు రెండు తాళాలు వేద్దామన్నాం. వాడకొక తాళంచెవి. రెండు వాడలూ వస్తే తప్ప తలుపు తెరుచుకోదు. ఏనాడూ పలకరించుకోనివాళ్లు ఆ తలుపు దగ్గర ఒకరి కోసం ఒకరు ఎదురుచూడటం మొదలైంది. ఆమె చెప్పి ఉంటే మేం ఆ మాట ఒక్క పంటకాలం కూడా నిలబెట్టేవాళ్లం కాదు.

నిరుడు పిడుగులాంటి కబురొచ్చింది. గద్వాల ఆఫీసు మూసేస్తారట, మాతో పని మాత్రం హైదరాబాద్ నుంచే నడుస్తుందట. మేం నమ్మలేదు.

"ఆఫీసే లేనంక మనం ఎవ్వరికి యాదికుంటం?" అంది బాలమణి.

ఒక్క గది చాలక మొదలుపెట్టిన రెండోది అప్పటికి గోడల దాకే లేచింది. అది ఆగితే సగం ఊరు మళ్లీ విత్తనాల దుకాణం ముందు నిలబడాలి. నాకు నిజంగా భయమేసింది.

గద్వాల ఆఫీసులో చివరి సమావేశానికి హైదరాబాద్ నుంచి ఒక పెద్దసారు వచ్చాడు. మా ఊరి వంతు రాగానే, "మేడం, ఇకపై ఈ ఊరి పని గురించి మేం ఎవరితో మాట్లాడాలి?" అని నూర్జహానక్కను అడిగాడు. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఇప్పుడు కూడా చెప్పదా ఈమె, అని కోపమొచ్చింది. ఆ కోపంలోనే లేచాను.

"మాతోనే మాట్లాడుండ్రి సార్. విత్తనం మాది, గది మాది. సగంల ఉన్న గదికి కప్పు ఎప్పుడేస్తరో చెప్పుండ్రి. విన్నంకనే పోతం."

సారు నా వైపు తిరిగాడు. ఆ తర్వాత ఆయన అడిగిన ప్రతిదానికీ మాలో ఎవరో ఒకరం బదులు చెబుతూనే ఉన్నాం. విత్తనాలు వేసేలోపే కప్పు పడింది.

ఆ రోజు మెట్లు దిగుతుంటే నూర్జహానక్క నా భుజం గిల్లింది. "గింత నోరు ఏడికెల్లి వచ్చింది జయమ్మా నీకు?"

"నువ్వు మూసుకుంటే వచ్చింది."

నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. నేనూ ఏడ్చాను, దాచేదేముంది? ఇప్పుడామె వనపర్తిలో ఉంటోంది. ఫోన్ చేస్తే మా విత్తనం సంగతి తప్ప అన్నీ మాట్లాడుతుంది.

పోయిన వారం సంస్థవాళ్లు అమ్రాబాద్ నుంచి కొందరు ఆడవాళ్లను మా దగ్గరికి పంపారు. వాళ్లు కూడా విత్తన గది కట్టుకుంటారట. అందరిలో చిన్నది, గడుసుది, నన్ను నిలదీసింది. "మా ఊర్ల గది ఏడ కట్టాలె? ఇంత దూరం వచ్చినం, జర చెప్పు." జవాబు నా నాలుక చివరే ఉంది. మింగేశాను. "మీరేమనుకుంటున్నరు?" అన్నాను. ఆ పిల్ల మూతి ముడిచి, పక్కవాళ్ల వైపు తిరిగి, ఈమెకేం తెల్వనట్టుందని గొణిగింది. కాసేపటికి వాళ్లలో వాళ్లే వాదులాడుకోవడం మొదలుపెట్టారు. పోయేటప్పుడు కూడా ఆ పిల్ల నా మీద కోపంగానే ఉంది. నాకు మాత్రం ఎంత గర్వంగా అనిపించిందో.