అంతోనమ్మ వంతు

అంతోనమ్మ పోయిన నాలుగు నెలలకు, ఒక శనివారం మధ్యాహ్నం, ఆవిడ హార్మోనియం పెట్టెను ఇంటికి తెచ్చుకుందామని భర్త సత్యరాజు బడికి బయలుదేరాడు. ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంది. ఆ పెట్టె మంచం పక్కన ఉంటే, ఆవిడ పెరట్లోకి వెళ్ళి ఇప్పుడే వస్తుందన్నట్టు ఉంటుందనుకున్నాడు.

ఊరి మీదికి బెల్లం పాకం వాసన తేలి వస్తోంది. ఎండ కూడా పాకంలాగే పల్చగా, బంగారు రంగులో ఉంది. అందులో నడుస్తుంటే పక్కన ఆవిడ చెప్పుల చప్పుడు వినిపిస్తున్నట్టే ఉంది. తలతిప్పి చూస్తే ఆగిపోతుందని అతను తిన్నగా నడిచాడు.

అంతోనమ్మ పంతులమ్మ కాదు. ఆ ఎలిమెంటరీ బడిలో మధ్యాహ్న భోజనం వండేది. చర్చిలో ఉపదేశిగా ఉన్న తండ్రి దగ్గర చిన్నప్పుడే హార్మోనియం నేర్చుకుంది. వంకాయలు తరుగుతూ సరిగమలు తీస్తుంటే పిల్లలు కంచాలు పట్టుకుని చుట్టూ చేరేవారు. చూసి చూసి హెడ్‌మిస్ట్రెస్ బిందుమాధవి, “శనివారం అన్నాలయ్యాక అరగంట నీదే, అంతోనమ్మా” అంది. ఆ అరగంట పన్నెండేళ్ళు సాగింది.

పెట్టెలో ఒక లోపం ఉండేది. గాంధారం మెట్టు, అంటే ‘గ’, పలికేది కాదు. నొక్కితే ఉస్సుమని గాలి వచ్చేది, అంతే.

“వచ్చే ఆదివారం వైజాగ్ అట్టుకెళ్ళి బాగుసేయిత్తాను” అనేవాడు సత్యరాజు. పరవాడ కంపెనీ బస్సు నడిపేవాడికి ఆదివారాలెక్కడివి?

“నీ ఆదివారం వచ్చేలోపు నా బడి పిల్లలకి పెళ్ళిళ్ళయిపోతాయి మావా” అని ఆవిడ నవ్వేది. అతను ఎప్పుడైనా రాగం అందుకోబోతే, “నోరు తెరవకు! గేరు మార్సినట్టుంటాది” అనేది. అందుకే అతను ఎన్నడూ పాడలేదు.

బడి వరండాలో బల్ల మీద, ఆవిడ పాతచీర ముక్క కప్పుకుని పెట్టె అలాగే ఉంది. చుట్టూ పిల్లలు.

“తీసుకెళ్ళండి, సత్యరాజుగారూ. మీ వస్తువే” అంది బిందుమాధవి. “వచ్చే వారం నుంచి ఈ అరగంటలో ఎక్కాలు చెప్పిస్తాను. ఎన్నాళ్ళని ఊరికే కూర్చోబెట్టను?”

అయిదో తరగతి హాసిని అతని చొక్కా అంచు పట్టుకుంది. “తాతా, అట్టుకుపోతన్నావేటి? ఒక్కపాలి పాడుకుని ఇచ్చేత్తాం.”

హాసిని ఒక చేత్తో తిత్తి ఊదుతూ, రెండో చేత్తో మెట్లు నొక్కింది. స... అన్నారందరూ. రి... అన్నారు. తరవాత అన్ని నోళ్ళూ ఒక్కసారే మూతపడ్డాయి. పెట్టె ఉస్సుమంది. పిల్లలు వంటగది వైపు చూశారు. ఒక క్షణం ఆగి, మ... అని ముందుకు వెళ్ళారు.

“మద్దెలో ఆగీసేరేటి?” అన్నాడు సత్యరాజు.

“అది మాది కాదు తాతా. అంతోనమ్మగారిది” అంది హాసిని.

“పెట్టెలో లేదు కదా, ఆవిడే పాడతాది. మేం ఆగుతాం. నీకు తెల్దేటి?” అంది రెండో తరగతి సిరి, ఇంత పెద్దవాడికి ఇదీ తెలియదా అన్నట్టు.

బిందుమాధవి తెల్లబోయింది. పన్నెండేళ్ళూ వంటగదిలోంచో, పెట్టె వెనకనించో ఆ స్వరం వస్తూనే ఉండేది. పిల్లలు దాన్ని ఒక్కసారీ పలకలేదని ఆమెకెలా తెలుస్తుంది?

సత్యరాజు పెట్టె పట్టీ మీద వేసిన చెయ్యి తీశాడు. ఆ ఉస్సుమన్న చోటు ఇంకా ఆవిడదే. మంచం పక్కన పెట్టుకుంటే అక్కడ ఆగేవాళ్ళెవరు?

“మళ్ళీ మొదలెట్టండి.”

స... రి... పెట్టె నిట్టూర్చింది. సత్యరాజు నోరు తెరిచాడు. నిజంగానే పాత బస్సు గేరు మార్చినట్టుంది. పిల్లలు పడీపడీ నవ్వారు.

“ఇంకా పైకి తాతా, పైకి!” అంది సిరి.

ఇంకా పైకి వెళ్ళాడు. అందలేదు.

చీర ముక్క మళ్ళీ పెట్టె మీద కప్పి, “ఎక్కాలు ఇంకో రోజు సెప్పుకోండి మేడం. శనివారాలు డ్యూటీ మార్పించుకుంతాను” అన్నాడు.

ఖాళీ చేతులతో ఆ బంగారు ఎండలో ఇంటికి నడుస్తూ దారి పొడుగునా గాంధారం కోసం వెతుక్కున్నాడు. ఎదురొచ్చినవాళ్ళు ఆగి చూశారు. పక్కన చెప్పుల చప్పుడు మాత్రం ఆగలేదు. నవ్వు ఆపుకుంటూ నడుస్తున్నట్టుంది.