చేతి మడతలో చమ్కీలు

దర్జీ కొట్టులో ఆమెను అందరూ చమ్కీ అత్త అంటారు. ఇరవై రెండేళ్లుగా, ఏడాది చివరి సెలవుల విందులకు వేసుకునే బట్టలకు మెరుపులు కుట్టేది ఆవిడే. ఎంత మెరవాలో తేల్చుకోలేనివాళ్లు నేరుగా ఆమె బల్ల దగ్గరికే వస్తారు. పెద్ద లైటు ఆర్పి, చిన్న బల్బు ఒక్కటే ఉంచి, వాళ్లను అటూ ఇటూ నడిపించి చూస్తుంది.

"కూర్చుంటే గుచ్చుకునే చోట వద్దమ్మా. మాట్లాడేటప్పుడు చేతులు తిప్పుతావుగా, అక్కడ వేస్తా. అందరూ నీ మొహం చూడాలి గానీ గౌను కాదు."

"నా మొహంలో ఏముందత్తా?" అంది ఓ పిల్ల.

"నవ్వుంది. దానికి కుట్టుకూలి కూడా అక్కర్లేదు."

కొట్టు యజమానురాలు తనవాళ్లకూ వచ్చిపోయేవాళ్లకూ ఏటా ఇంట్లో విందు ఇస్తుంది. అత్త ప్రతిసారీ అదే నల్ల గౌనులో వెళ్లి, నాలుగు చేతుల పని చేసి వచ్చేస్తుంది.

చిన్నప్పుడు అత్తకూ వాళ్లక్కకూ కలిపి ఒకటే చమ్కీల గౌను ఉండేది. ఓ ఏడు అక్క అది వేసుకుని విందుకు వెళ్తూ, గుమ్మంలో వెనక్కి తిరిగి, "ఏడవకే, వచ్చే ఏడు నీ వంతు" అంది. ఏడాది తిరక్కుండానే అక్కను దేవుడు పిలుచుకున్నాడు. అమ్మ ఆ గౌనును పెట్టె అడుగున పెట్టేసింది. ఈమె అడగలేదు.

ఈ ఏడు ఎందుకో ఆ వంతు తీర్చుకోవాలనిపించింది. బల్ల కింద రాలిన చమ్కీలను, యజమానురాలితో చెప్పే, ఏరి దాచుకుంది. నల్ల గౌను పొడుగు చేతుల అంచుకు వాటిని కుట్టింది. కాకపోతే లోపలి వైపు. యాభై దాటాక మెరుస్తూ వెళ్తే నవ్వుతారని భయం. తనకు తెలిస్తే చాలనుకుంది.

విందు రోజు పొద్దున గౌనును, కొట్టులో పిల్లలంతా ఇస్త్రీ తాత అని పిలిచే పెద్దాయనకు ఇచ్చింది. వేడి తగిలితే చమ్కీలు కరిగిపోతాయని ఆ కొట్టులో అలాంటి బట్టలను తిరగేసే ఇస్తారు. చేతి అలవాటు కదా, దీన్నీ తిరగేసి ఇచ్చింది.

తాత ఇస్త్రీపెట్టె దించబోయి ఆగాడు. "ఏమ్మాయ్, మెరుపు పైకే ఉందే. తిరగేయడం మర్చిపోయావా?"

"తిరగేసే ఇచ్చా బాబాయ్" అని, వెంటనే నాలుక కరుచుకుంది.

"అంటే లోపల కుట్టావా? ఎవరికోసం?"

"ఎవరికోసమూ కాదు. మా అక్క ఇస్తానన్న వంతు."

తాత గౌనును సవ్యంగా తిప్పి, చేతుల అంచులు రెండు వేళ్ల మేర పైకి మడిచాడు. తడిగుడ్డ వేసి, చమ్కీలకు తగలకుండా మడత మీదే మెల్లగా ఒత్తాడు. దాచిన మెరుపంతా బయటికి వచ్చింది.

"ఇష్టం లేకపోతే దించుకో. నా మడత అంత తేలిగ్గా పోదు, ముందే చెప్తున్నా."

విందులో అత్త చాలాసేపు చేతులు వెనక్కి పెట్టుకునే నిలబడింది. చివరికి ఆ నవ్వుల పిల్లే గ్లాసు చాపింది. "అత్తా, కాసిని నీళ్లు."

కూజా ఎత్తేసరికి గోడ మీద చిన్న చిన్న వెలుగు చుక్కలు కదిలాయి.

"ఇన్నాళ్లూ మాకే కుట్టావేంటత్తా" అంది పిల్ల, మెల్లగా.

ఎవరూ నవ్వలేదు. అత్త మడత దించలేదు. గ్లాసు నిండాక కూడా కూజా పట్టుకుని గుమ్మం వైపే చూస్తూ ఉండిపోయింది, అక్కడ ఎవరో వెనక్కి తిరిగి నిలబడ్డట్టు. గుమ్మంలో ఎవరూ లేరు. పక్కనుంచి మరో గ్లాసు వచ్చింది. ఆమె మళ్లీ చేయెత్తింది.