మరిది నోట్లోంచి తీసిన డెలానీ

కొన్నేళ్లుగా నా గుండె మీద ఒక బరువుంది. దాని పేరు డెలానీ. అది మా అబ్బాయి ఇంటిపేరు, ఐర్లండ్ నుంచి వచ్చిందట. మనకు ఇంటిపేరు ముందుంటుంది, వాళ్లకు వెనక. ఎక్కడున్నా, అది తనకెలా వచ్చిందో మోసేవాడికి తెలియాలి కదా? మా వాడికి తెలియదు. తెలియకుండా చేసింది నేనే.

తిడితే తిట్టండి. అంతా విన్నాక తిట్టండి.

మాది పెరంబూరు. ఎన్నో తరాల కింద మద్రాసు చేరిన తెలుగు కుటుంబం. పెళ్లి కాకుండానే నాకు నెల తప్పింది. కారణమైనవాడు మా కులంవాడే. సంగతి తెలిసిన మర్నాటి నుంచి కనిపించలేదు. వాడి గురించి ఇంతకు మించి ఒక్క అక్షరం రాయను. మా వాళ్లు నన్ను బయటికి గెంటారు. అప్పుడు మా పక్క క్వార్టర్సులో ఉండే ఆంగ్లో ఇండియన్, రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు, అన్నీ తెలిసే నన్ను పెళ్లి చేసుకున్నాడు. బిడ్డకు చర్చిలో జ్ఞానస్నానం చేయించి డెలానీ అని రాయించాడు. బిడ్డ తనది కాదన్న సంగతి సొంత తమ్ముడికి కూడా చెప్పలేదు. పోయే ముందు మాత్రం, మా అబ్బాయికి నిజం చెప్పాలని నా దగ్గర మాట తీసుకున్నాడు. సరేనన్నాను. చెప్పలేదు. రేపు చెబుదాం, పెళ్లయ్యాక చెబుదాం, అసలెందుకు చెప్పాలి అనుకుంటూ ఏళ్లు గడిపేశాను.

ఇంతలో వాడికి కొత్త పిచ్చి పట్టుకుంది. డెలానీలు ఐర్లండ్‌లో ఏ మూలవాళ్లో కనుక్కోవాలట. ఆ ఇంటిపేరున్న మగవాళ్లంతా డీఎన్ఏ పరీక్ష చేయించుకుని ఎవరెవరి వంశం ఎక్కడ కలుస్తుందో చూసుకుంటారట. తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే దిగే గుర్తేదో ఉందట, దాన్నే చూస్తారట. ఆడవాళ్ల ఊసే లేదు. మోసేదీ కనేదీ మేము, వంశమేమో వాళ్లది! నాకు ఒళ్లు మండింది. అంతకంటే ఎక్కువగా భయం వేసింది.

రెండు పెట్టెలు తెప్పించాడు. ఒకటి తనకి, ఇంకొకటి నా మరిదికి. మరిదికి పక్షవాతం. మాట పడిపోయి మా ఇంట్లోనే మంచాన ఉండేవాడు. పెట్టెలో ఒక సీసా, రెండు దూది పుల్లలు. పుల్లతో బుగ్గ లోపల రుద్ది సీసాలో వేయాలి. రెండో పుల్ల, మొదటిది పాడైతే వాడడానికి. మా వాడు తనది రుద్దుకుని సీసాలో వేసి, అంకుల్‌ది నన్ను తీయమని చెప్పి ఆఫీసుకు వెళ్లాడు.

రోజూ ఆ నోరు కడిగేది నేనే. తెరవమంటే మరిది బుద్ధిగా తెరిచాడు. రెండు పుల్లలూ రుద్దాను. ఒకటి ఆయన సీసాలో వేశాను. మా వాడి సీసాలోని పుల్ల తీసి చెత్తబుట్టలో పడేసి, దాని చోట రెండోది పెట్టాను. మరిది నన్నే చూస్తున్నాడు. ఏమనుకున్నాడో ఎప్పటికీ తెలియదు.

ఫలితం వచ్చింది. ఇద్దరిదీ ఒకటే. ఐర్లండ్‌లో ఎవరో రైతుల వంశంతో కలిసింది కూడా. మా వాడు ఫోను పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు.

"చూడుమ్మా, నల్లోడివి నువ్వేం డెలానీరా అని ఈడ అందరూ ఎగతాళి చేసినారు గదా. ఇప్పుడు చెప్పమను," అన్నాడు. మళ్లీ, "డాడీకి నేనంటే ఎందుకంత ప్రాణమో ఇప్పుడు తెలిసింది. రక్తం గదా," అన్నాడు.

"అవును నాయనా, రక్తమే," అన్నాను.

పుల్ల మార్చినందుకు నాకు సిగ్గు లేదు. ఐర్లండ్ వాళ్ల వంశవృక్షంలో నా కొడుకు కూర్చున్నాడా? కూర్చోనీ. ఆ పేరు వాడిది, ఇచ్చే హక్కున్నవాడే ఇచ్చాడు. కానీ ఆ ఒక్క మాట? ఏ బంధమూ లేని బిడ్డను కావాలని ఎంచుకుని, జ్వరమొస్తే ఒళ్లో పెట్టుకు కూర్చుని, వర్క్‌షాపులో ఎవడు ఏం కూసినా లెక్కచేయక పెంచిన మనిషి ప్రేమను నేను ఉత్త రక్తం కింద కొట్టిపారేశాను. కొడుకును కాపాడాననుకున్నానా, నన్ను నేను కాపాడుకున్నానా? రెండూనేమో. దానికి మూల్యం మాత్రం చనిపోయిన మా ఆయన చెల్లించాడు.

మరిది పోయాడు. ఇప్పుడు మా వాడు ఇంకా పెద్ద పరీక్షకు పెట్టె తెప్పించాడు. రేపు పొద్దున రుద్దుకుంటాడట. ఇంట్లో వేరే డెలానీ లేడు. ఉన్నా, ఈసారి నేను ముట్టను.

ఫలితం వచ్చేదాకా కూడా ఆగను. ముందు మీకు చెప్పాను. చెప్పగలనని ఇప్పుడు నాకే నమ్మకం కుదిరింది, ఊపిరి కాస్త ఆడుతోంది. క్షమించమని వాణ్ణి అడగను. మీ నాన్న నిన్ను రక్తం లేకుండానే అంత ప్రేమించాడురా అని చెబుతాను. ఆ తర్వాత నన్ను అమ్మా అని పిలవకపోయినా సరే.